పెన్ను త్రేన్చితే ఎవరిని అడగాలి: చిన్న సైట్లు వెతుక్కునే పద్ధతి

మా తాతయ్య కరణం. 1984లో కరణాల పదవులు రద్దయ్యాక ఆయనకి మిగిలినవి రెండే: గుండ్రటి దస్తూరీ, రాజమండ్రిలో చేయించుకున్న నల్ల ఎబొనైట్ పెన్ను. ఆ పెన్ను పోయిన సంక్రాంతికి నా చేతికొచ్చింది. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మొదటి వారం బాగానే రాసింది. రెండో వారం పేపర్లు దిద్దుతుంటే ఎనిమిదో తరగతి పిల్లాడి జవాబు మీద టప్పున పెద్ద సిరా చుక్క పడింది. మర్నాడు వాడు పేపరు తెచ్చి, "టీచర్, ఇది రైటా, తప్పా?" అని అడిగాడు.

ఇంకు పెన్ను కారుతోందని నెట్‌లో కొట్టాను. మొదటి పేజీ నిండా అంగళ్ళే. "టాప్ 10 పెన్నులు" అనే జాబితాలు, అన్నిట్లో అవే పెన్నులు, అవే వాక్యాలు. ఏదో వీడియోలో చెప్పారని పెన్నుని వేడినీళ్ళలో నానబెట్టాను. ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. వేడినీళ్ళు తగిలితే దాని నలుపు పోయి ఆకుపచ్చ కలిసిన గోధుమరంగులోకి తిరుగుతుంది. ఈ సంగతి పెన్ను బయటికి తీశాక తెలిసింది. అమ్మ రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

అసలు జవాబు ఒక ముసలాయన సొంత సైట్లో దొరికింది. తెల్ల పేజీ, నీలం లింకులు, గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్‌తో గీసి ఫొటో తీసిన బొమ్మ. ఈ రకం పెన్నులో రబ్బరు ట్యూబు ఉండదు, గొట్టం నిండా సిరానే. సిరా తగ్గేకొద్దీ లోపల గాలి చేరుతుంది. మన చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి, ఉన్న సిరాని పాళీలోకి తోస్తుంది. పెన్నులవాళ్ళు ఇంగ్లీషులో దీన్ని త్రేన్పు అనే పిలుస్తారు. మందు కూడా అంత తేలికే: అడుగంటేదాకా ఆగకుండా ముందే నింపుకోవడం. లెక్కల టీచర్ని, వాయువులు వేడికి వ్యాకోచిస్తాయని నాకు తట్టకపోవడం వేరే సిగ్గు.

ఆ సైటు సెర్చ్‌లో ఎక్కడో ఐదో పేజీలో ఉంది. అప్పట్నుంచి ఇలాంటివాటిని వెతకడమే నా ఆదివారం కాలక్షేపం. ఎలా వెతుకుతానో చెప్తాను.

మొదట మార్చుకోవాల్సింది మనం కొట్టే మాటల్ని. వస్తువు పేరు కొడితే వస్తువు అమ్మేవాళ్ళు వస్తారు. ఆ వస్తువుతో తంటాలు పడిన మనిషి ఏమని రాసుకుంటాడో ఆ మాట కొట్టాలి. "మా తాతగారి పెన్ను", "నేనే విప్పి చూశాను", "మూడోసారికి కుదిరింది" లాంటివి ఇంగ్లీషులో, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి. కొనడం, ధర, బెస్ట్ అనే ఇంగ్లీషు మాటల ముందు మైనస్ గుర్తు పెడితే అంగళ్ళు చాలావరకు తప్పుకుంటాయి. బిఫోర్ అని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా 2012 అని కొడితే అంతకు ముందటి పేజీలు పైకొస్తాయి. ఈ జాబితాల గోల అప్పట్లో ఇంత లేదు.

తెలుగులో వెతకడానికి ఇంకో కిటుకుంది. మన బ్లాగర్లకి వాళ్ళ సొంత భాష ఒకటుండేది. రాసినదాన్ని వాళ్ళు పోస్ట్ అనేవాళ్ళు కాదు, "టపా" అనేవాళ్ళు. ఇంటర్నెట్టు "అంతర్జాలం". న్యూస్ సైట్లవాళ్ళు టపా అన్న మాట దాదాపు వాడరు. కాబట్టి మనక్కావలసిన మాట పక్కన "ఈ టపా" అని చేర్చండి, బ్లాగులు బయటికొస్తాయి. అదే అర్థం ఉన్న వేరే మాటలు కూడా కొట్టి చూడాలి. నేను "నిబ్బు" అని కొడితే పెద్దగా ఏమీ రాలేదు. "పాళీ" అని కొడితే ఎవరో తమ చిన్నప్పటి బడి గురించి రాసుకున్న పేజీ వచ్చింది, అందులో సిరాబుడ్డి, సుద్దముక్కతో చుక్కని అద్దడం, అన్నీ ఉన్నాయి. సుద్దముక్క నాకు పనికొచ్చింది కూడా.

ఇక చిన్న సైట్ల కోసమే కట్టిన వెతుకుడు యంత్రాలున్నాయి. ఇవి ఎక్కువగా ఇంగ్లీషుకే పనికొస్తాయి. మార్జినేలియా అని స్వీడన్‌లో ఒకాయన 2021లో మొదలుపెట్టింది, ప్రకటనలు తక్కువ, రాత ఎక్కువ ఉన్న పేజీలకి పెద్దపీట వేస్తుంది. దీనికి పూర్తి ప్రశ్న వేయకండి, రెండు మూడు ముక్కలు చాలు. వైబీ ఇంకా పాతకాలపుది, పాత కంప్యూటర్లలో కూడా తెరుచుకునే సాదా పేజీల కోసం. దాంట్లో "సర్‌ప్రైజ్ మీ" నొక్కితే ఎక్కడికి తీసుకెళ్తుందో చెప్పలేం. కాగీ అనే సెర్చ్ కంపెనీ వాళ్ళ స్మాల్ వెబ్ పేజీ ఒక్కోసారి ఒక్కో కొత్త రాత చూపిస్తుంది, నచ్చకపోతే తర్వాతిది. ఊహ్ డైరెక్టరీ అని 2022లో వచ్చిన బ్లాగుల పట్టిక విషయాలవారీగా ఉంటుంది, పాత టెలిఫోన్ డైరెక్టరీలాగా. నియోసిటీస్ ఎవరి సైటు వాళ్ళు కట్టుకునే చోటు, 2013 నుంచి ఉంది. అలాంటిదే అయిన పాత జియోసిటీస్‌ని 2009లో మూసేశాక, ఆ రంగురంగుల సొంత పేజీల సరదా మళ్ళీ అక్కడ మొదలైంది. నాకైతే అక్కడ కళ్ళు తిరుగుతాయి, మా అమ్మాయికి మాత్రం భలే ఇష్టం.

ఇవన్నీ గుమ్మం దాకానే. ఒక్క మంచి సైటు దొరికిందా, ఇక సెర్చ్ పెట్టెలోకి వెనక్కి వెళ్ళకండి. ఆ పేజీ పక్కనో అడుగునో "లింక్స్", "బ్లాగ్‌రోల్", తెలుగులో అయితే "నా బ్లాగు జాబితా", "నేను చదివేవి" అని ఉంటుంది. అది ఆ మనిషి చేత్తో ఏరిన జాబితా. మా ముసలాయన జాబితాలో పద్నాలుగు లింకులుంటే ఆరు తెరుచుకోలేదు. మిగిలిన వాటిలో ఒకటి రిచర్డ్ బైండర్ అనే పాళీల నిపుణుడి సైటు, పెన్నుల పారిభాషిక పదాలకి అందులో పెద్ద నిఘంటువే ఉంది. ఇంకొకటి సిరాలు కలుపుకునే ఆవిడది. అక్కణ్ణుంచి కాగితాలు, కాగితాల నుంచి పుస్తకాల బైండింగు. రాత్రి పదిన్నరకి మొదలుపెడితే ఒంటిగంటైంది. కొన్ని సైట్ల అడుగున వెబ్‌రింగ్ అని ఉంటుంది, ముందుకీ వెనక్కీ బాణాలతో. ఒకే అభిరుచి ఉన్నవాళ్ళు పూసల దండలాగా కలిపిన సైట్లు అవి. బాణం నొక్కుకుంటూ పోవడమే.

తెరుచుకోని ఆరింటినీ వదల్లేదు. చిరునామా కాపీ చేసి పాత పేజీల కాపీలు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్లో వేస్తే నాలుగు దొరికాయి. తెలుగు బ్లాగులకైతే ఇది తప్పనిసరి. కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులు కొత్త టపాలన్నిటినీ ఒక్కచోట చూపించిన రోజుల్లో రాసినవాళ్ళు చాలామంది ఇప్పుడు రాయడం లేదు. ఎవరి బ్లాగు పక్కనైనా కూడలి బొమ్మ కనబడితే ఆ లింకుల్ని ఆర్కైవ్‌లో వేసి చూడండి.

దొరికినవాటిని బుక్‌మార్కుల్లో పడేస్తే మళ్ళీ చూడం, నా అనుభవం అది. ఫీడ్ రీడర్ పెట్టుకోండి, మనం చెప్పిన సైట్లలో కొత్తగా రాసినవాటిని అదే తెచ్చి ఒక్కచోట చూపిస్తుంది. గూగుల్ రీడర్ 2013 జులై 1న ఆగిపోయింది కానీ ఫీడ్లీ, ఇన్నోరీడర్ ఉన్నాయి. సైటు చిరునామా అందులో వేస్తే చాలావరకు అదే ఫీడ్ పట్టుకుంటుంది. పట్టుకోకపోతే వర్డ్‌ప్రెస్ బ్లాగుకి చిరునామా చివర స్లాష్, ఫీడ్ అని చేర్చండి. బ్లాగ్‌స్పాట్‌కైతే స్లాష్ ఫీడ్స్, స్లాష్ పోస్ట్స్, స్లాష్ డిఫాల్ట్. అన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాల్లో. ఏడాదికోసారి రాసేవాళ్ళ కోసమే ఇది ముఖ్యం, రోజూ రాసేవాళ్ళని ఎలాగూ మర్చిపోం.

రెండు జాగ్రత్తలు. పాత సైట్లకి చిరునామా పక్కన తాళం బొమ్మ లేకపోతే చదవడానికి భయం లేదు, పాస్‌వర్డ్ లాంటివి మాత్రం ఇవ్వకండి. ఇంకోటి, సొంత సైటు అయినంత మాత్రాన చెప్పింది నిజమని లేదు. వస్తువు మీద చెయ్యి వేసేముందు ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు అదే మాట చెప్పారా అని చూడండి. నాకది వేడినీళ్ళు నేర్పాయి.

ముసలాయనకి థాంక్స్ చెప్తూ మెయిల్ పెట్టాను, గోధుమరంగు సంగతి కూడా రాశాను. పదకొండు రోజులకి జవాబొచ్చింది. పై పొర సన్నగా అరగదీస్తే నలుపు తిరిగొస్తుందట, కానీ మీద చెక్కిన గీతలూ అక్షరాలూ అరిగిపోతాయట. అమ్మకి చదివి వినిపించాను. పెన్ను మీద తాతయ్య పొడి అక్షరాలున్న చోట వేలితో తడిమి చూసి, "వద్దులే, అలాగే ఉండనీ" అంది.