నాగావళిలో గాలం వేసే ముందు జాగ్రత్తలు (మాఘ, ఫాల్గుణ మాసాలు)

ఏరు తగ్గి నీరు తేటబడే రోజులివి. తేట నీళ్లలో మనిషి నీడ కదిలితే చేప దరికి రాదు. పొద్దు వెనక ఉంటే నీడ మడుగు మీదే పడుతుంది, చూసుకుని నిలబడండి.

గాలం ఇంటి దగ్గరే కట్టుకోండి. జెల్ల చేపలకీ చిన్న శీలావతి చేపలకీ 0.25 నుంచి 0.30 మి.మీ. నైలాన్ దారం చాలు. కొక్కేనికి దారం కట్టేటప్పుడు 5, 6 మెలికలు తిప్పాక ముడిని ఉమ్మితో తడిపి బిగించాలి. పొడిగా బిగిస్తే రాపిడికి నైలాన్ వేడెక్కి అక్కడే బలం పోతుంది. తెగేది పెద్ద చేప పడ్డ రోజే! చివరి మూరెడు దారం వేళ్ల మధ్య లాగి చూడండి, గరుకు తగిలితే కోసెయ్యండి.

చేతికర్ర తప్పనిసరి. ఇసుక తవ్విన గోతులు పైకి కనపడవు, మోకాలి లోతు పక్కనే నిలువు లోతు ఉండొచ్చు. ఒంటరిగా దిగొద్దు. ఒడిశా కొండల్లో వాన పడినా, ఎగువన తోటపల్లి బ్యారేజీలో నీళ్లొదిలినా, శ్రీకాకుళంలో ఎండ కాస్తుండగానే ఏరు పెరగొచ్చు. నీరు మట్టిరంగు తిరిగితే వెంటనే గట్టెక్కండి.

కార్బన్ రాడ్డులో (గాలం కర్రలో) కరెంటు పారుతుంది. కరెంటు తీగల కింద విసరొద్దు. ఉరిమితే ఆపెయ్యండి.

జెల్లకి వీపు మీద ఒకటి, పక్కలకి రెండు ముళ్లు. గుడ్డతో పట్టుకోండి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి ఉంచితే సలుపు తగ్గుతుంది. కొక్కెం ఎదురుముల్లు (మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లు) దాకా వేలిలో దిగితే లాగొద్దు: దారం కోసి ఆసుపత్రికి వెళ్లండి, టెటనస్ సూది సంగతి అడగండి.

జాలర్ల వలలున్న మడుగైతే ముందు వాళ్లనడగాలి.