వెన్నుపూసలో సిమెంట్ ఎక్కించమన్నారా? ట్రయల్ పేపర్ చదివే పద్ధతి

ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లకి వెన్నుపూస కుంగిపోతే, సూదితో సిమెంట్ ఎక్కించే ఆపరేషన్ ఒకటుంది. దాని పేరు వెర్టిబ్రోప్లాస్టీ. అది పనిచేస్తుందా అని వెతికితే, చేస్తుందనే ట్రయల్ (మనుషుల్ని గుంపులుగా విడదీసి చికిత్సని పరీక్షించే అధ్యయనం) పేపర్లూ దొరుకుతాయి, చెయ్యదనే పేపర్లూ దొరుకుతాయి. రెండూ పెద్ద జర్నళ్లలోవే. అమ్మ ఎమ్మారై రిపోర్టు ముందు పెట్టుకుని చదివేవాళ్లయినా, ఫిజియోథెరపీ, ఆర్థోపెడిక్స్ విద్యార్థులయినా చివరి పేరాతో మొదలుపెట్టకండి. ముందు మెథడ్స్ భాగం, అంటే ట్రయల్ ఎలా చేశారో రాసే భాగం, తెరవండి.

కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, జ్వరం ఉన్నా, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉన్నా పేపర్లు చదువుతూ కూర్చోవద్దు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

ముందు చూడాల్సింది: ట్రయల్లోకి ఎవరిని తీసుకున్నారు

ఎముక విరిగి ఎన్ని వారాలైంది, నొప్పి పదికి ఎంత, ఎమ్మారైలో ఎముక లోపల నీరు పట్టి ఉందా, ఈ మూడూ కాగితం మీద రాసుకోండి. ఎమ్మారైలో నీటిని తెల్లగా చూపించే ఎస్‌టీఐఆర్ బొమ్మల్లో వెన్నుపూస తెల్లగా మెరిస్తే అది ఇంకా అతుక్కోలేదని అర్థం. అతుక్కున్నాక కూడా నడుం నొప్పి ఉందంటే అది తరచుగా వెనక కీళ్లదో కండరాలదో అవుతుంది. సిమెంట్ దాన్ని తగ్గించలేదు.

2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో ఒకేసారి వచ్చిన రెండు ట్రయల్స్ (131 మందితో ఒకటి, 78 మందితో ఒకటి) తేడా లేదన్నాయి. వాటిలో విరిగి ఏడాది దాకా అయినవాళ్లని కూడా చేర్చుకున్నారు. 2016లో లాన్సెట్‌లో వచ్చిన వేపర్ ట్రయల్ మాత్రం 6 వారాల లోపువాళ్లని, నొప్పి 7 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లని మాత్రమే తీసుకుంది. 14 రోజులకి నొప్పి 4 కంటే తగ్గినవాళ్లు సిమెంట్ గుంపులో 44 శాతం, ఉత్తుత్తి ఆపరేషన్ (సిమెంట్ ఎక్కించకుండా చేసినట్టు నటించేది) గుంపులో 21 శాతం.

అంటే తొందరగా చేస్తే చాలా? అంత తేలిక కాదు. 2018లో బీఎంజే జర్నల్లో 180 మందితో వచ్చిన వెర్టోస్-4 కూడా కొత్తగా విరిగినవాళ్లనే తీసుకుంది, అయినా తేడా కనిపించలేదు. ఇక్కడే రెండో ప్రశ్న పనికొస్తుంది.

దేనితో పోల్చారు

ఉత్తుత్తి ఆపరేషన్ ఎలా చేశారో దగ్గర నుంచి చూడండి. పేషెంటుని బోర్లా పడుకోబెడతారు, మత్తు సూది వేస్తారు, వీపు మీద నొక్కుతారు. సిమెంట్ డబ్బా మూత తెరిచి ఆ ఘాటు వాసన గదంతా పట్టేలా చేస్తారు. సిమెంట్ మాత్రం లోపలికి పోదు. ఇంత జాగ్రత్త ఎందుకంటే, పెద్ద చికిత్స జరిగిందన్న నమ్మకమే నొప్పిని తగ్గించగలదు.

అయితే వెర్టోస్-4లో ఉత్తుత్తి గుంపుకి కూడా మత్తుమందు ఎముక పైపొర దాకా ఎక్కించారు. వేపర్‌లో చర్మం కింద వరకే ఆపారు. పైపొర దాకా వెళ్లిన మందు కొంత ఉపశమనం ఇచ్చి ఉంటే, వెర్టోస్-4లోది అచ్చమైన ఉత్తుత్తి కాదన్న వాదన ఉంది. మా దృష్టిలో ఈ వాదనని తీసిపారేయలేం. రెండు పేపర్లు ఎదురుబొదురుగా కనిపించినప్పుడు ముందు ఉత్తుత్తి గుంపుకి మత్తుమందు ఎక్కడి దాకా ఎక్కించారో చెప్పే వాక్యం వెతకండి.

మధ్యలో ఎవరు గుంపు మారారు

డిస్క్ జారినవాళ్ల మీద 2006లో జామా జర్నల్లో వచ్చిన స్పోర్ట్ ట్రయల్ దీనికి మంచి పాఠం. 501 మందిని చీటీ వేసి విడదీశారు. రెండేళ్లయ్యేసరికి ఆపరేషన్ చీటీ వచ్చినవాళ్లలో 60 శాతమే చేయించుకున్నారు, వద్దన్న చీటీ వచ్చినవాళ్లలో 45 శాతం చేయించుకున్నారు. చీటీ ప్రకారం లెక్కగడితే రెండు గుంపులూ కలగలిసిపోయి తేడా పలచబడుతుంది. చేయించుకున్నదాన్ని బట్టి లెక్కగడితే తేడా పెద్దగా వస్తుంది, కానీ అప్పుడు చీటీ వేసిన ప్రయోజనం పోతుంది. పేపర్లో రెండు లెక్కలూ ఉన్నాయో లేదో చూడండి.

శాతాలని మనుషుల్లోకి మార్చండి

సిమెంట్ ఒక్క పూసనే నింపుతుంది, వ్యాధి ఎముకలన్నిటిలోనూ ఉంటుంది. అందుకే మందుల ట్రయల్ కూడా పక్కన పెట్టుకుని చదవాలి. 2018లో లాన్సెట్‌లో వచ్చిన వెరో ట్రయల్ రోజూ 20 మైక్రోగ్రాముల టెరిపారటైడ్ (కొత్త ఎముకని పెంచే మందు) ఇంజెక్షన్‌ని వారానికి 35 మిల్లీగ్రాముల రిసెడ్రొనేట్ (ఎముక కరగకుండా ఆపే మందు) మాత్రతో పోల్చింది. వెన్నుపూసలు అప్పటికే బాగా కుంగిన, నెలసరి ఆగిన ఆడవాళ్ల మీద చేశారు. రెండేళ్లలో కొత్తగా పూస కుంగినవాళ్లు ఇంజెక్షన్ గుంపులో 5.4 శాతం, మాత్ర గుంపులో 12 శాతం. 'సగానికి పైగా తగ్గింది' అని రాస్తే తప్పు కాదు. కానీ 12లోంచి 5.4 తీసేస్తే 6.6. 100ని 6.6తో భాగిస్తే సుమారు 15. రెండేళ్లు 15 మందికి మాత్ర బదులు ఇంజెక్షన్ ఇస్తే ఒకరికి కొత్తగా పూస కుంగకుండా ఆగుతుంది. ఇంట్లో ఖర్చు లెక్క వేసుకునేవాళ్లకి కావాల్సింది ఈ అంకె.

ఇంకో రెండు విషయాలు. ట్రయల్లో చేరింది 1,360 మంది, ఈ శాతాలు తీసింది 1,049 మంది మీద. మిగతా 311 మంది ఏమయ్యారని అడగాలి. పైగా ఇవి ఎక్స్‌రేలో కనిపించినవి, అన్నీ నొప్పి పెట్టినవి కావు.

టెరిపారటైడ్ కోర్సు అయిపోయాక ఎముక కరగకుండా ఆపే మందు వెంటనే మొదలుపెట్టకపోతే పెరిగిన బలం పోతుంది. ఈ సంగతి చాలామందికి చెప్పరు.

మన ప్రాంతంలో ఒక చిక్కు

నల్గొండ, ప్రకాశం వైపు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లలో ఫ్లోరోసిస్ (నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకునే జబ్బు) ఉండొచ్చు. ఈ జబ్బు సంగతి 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వైద్య పత్రికకెక్కింది. ఫ్లోరైడ్ చేరిన ఎముక డెక్సా స్కాన్‌లో (ఎముక సాంద్రత కొలిచే పరీక్ష) సాంద్రంగా కనిపిస్తుంది, ఆ పరీక్ష ఇచ్చే అంకె అయిన టీ-స్కోరు బాగుంటుంది, ఎముక మాత్రం పెళుసుగానే ఉంటుంది. వెన్ను లోపలి పట్టీలు గట్టిపడి నరాన్ని నొక్కొచ్చు కూడా. టీ-స్కోరు చూసి మనుషుల్ని ఎంచుకున్న ట్రయల్ ఫలితాన్ని వీళ్లకి అలాగే అంటగట్టకూడదు. ఏ ఊళ్లో ఎన్నేళ్లు ఏ నీళ్లు తాగారో డాక్టరు గారికి ముందే చెప్పండి.

రిజిస్ట్రేషన్ నంబరు

మన దేశంలో చేసే ట్రయల్స్‌కి 2009 జూన్ 15 నుంచి సీటీఆర్ఐలో (దేశంలోని ట్రయల్స్‌ని నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) నమోదు తప్పనిసరి. పేపర్లోని నంబరుతో ఆ సైటులో వెతికి, ముందు ఏ ఫలితాన్ని ముఖ్యమైనదిగా రాసుకున్నారో చూడండి. అక్కడ '12 నెలలకి నొప్పి' అని ఉండి, పేపర్లో '2 వారాలకి నొప్పి' గురించి గొప్పగా చెబితే, 12 నెలల పట్టిక ఎక్కడుందో వెతకండి. అది లేని పేపరు మీద ఆధారపడి ఆపరేషన్‌కి సంతకం పెట్టకండి.