తెలుగు పీడీఎఫ్ తీసే లాంబ్డాకు ఏ బేస్ ఇమేజ్?

గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ ఏజెంటుకు తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకపు లెక్క చీటీలు) తెలుగులో పీడీఎఫ్‌గా కావాలనుకుందాం. కోడ్ పైథాన్‌లో, పీడీఎఫ్ తీసేది వీజీప్రింట్ లైబ్రరీ, నడిచేది ఏడబ్ల్యూఎస్ లాంబ్డాలో (సర్వర్ మనం పెట్టకుండానే కోడ్ నడిపే అమెజాన్ సేవ) కంటైనర్‌గా. బేస్ ఇమేజ్ (మన కంటైనర్‌కు పునాదిగా తీసుకునే రెడీమేడ్ లైనక్స్) అనగానే చాలామంది సైజు చూస్తారు. కానీ లాంబ్డా 10 జీబీ దాకా తీసుకుంటుంది. ముందు చూడాల్సింది మన లైబ్రరీలు అడిగేవన్నీ అందులో దొరుకుతాయా అన్నది.

అందుకే ఆల్పైన్ (బాగా చిన్న లైనక్స్) వద్దు. అందులో ఉన్న సీ లైబ్రరీ మజిల్, మామూలు లైనక్స్‌లలో ఉండే జీలిబ్‌సీ కాదు. జీలిబ్‌సీ కోసం ముందే కంపైల్ చేసిన పైథాన్ ప్యాకేజీలు, అంటే మేనీలైనక్స్ వీల్స్, దానిమీద నడవవు. మజిల్ వీల్ లేని ప్యాకేజీని పిప్ కంపైల్ చేయబోయి జీసీసీ కంపైలర్ లేక ఆగిపోతుంది.

డేటాబేస్ చదివి జేసన్ ఇచ్చే మామూలు ఫంక్షనైతే ఏడబ్ల్యూఎస్ సొంత ఇమేజే తీసుకోండి. మన కోడ్‌ను లాంబ్డాతో కలిపే రన్‌టైమ్ క్లయింటు, లోకల్ టెస్టుకు ఎమ్యులేటరు రెండూ లోపలే ఉంటాయి. పైథాన్ 3.12 నుంచి అది అమెజాన్ లైనక్స్ 2023. పాత డాకర్‌ఫైల్లో ప్యాకేజీలు వేసే 'యమ్' కమాండ్ ఉంటే 'డీఎన్ఎఫ్' అని మార్చాలి. 3.11 దాకా అమెజాన్ లైనక్స్ 2, జీలిబ్‌సీ 2.26; కనీసం 2.28 అడిగే కొత్త వీల్స్ అందులో ఎక్కవు.

తక్‌పట్టీకి మాత్రం డెబియన్ స్లిమ్ (డెబియన్ లైనక్స్‌కు కుదించిన ఇమేజ్) మేలు. అక్షరాలు పేర్చే పాంగో, పాంగోఎఫ్‌టీ2, హార్ఫ్‌బజ్-సబ్‌సెట్ లైబ్రరీలు, తెలుగు ఫాంటున్న ఫాంట్స్-నోటో-కోర్ అన్నీ డెబియన్ ప్యాకేజీ టూల్ ఆప్ట్‌లోనే వస్తాయి. ఫాంటు వేయకపోతే రైతు పేరున్న చోట డబ్బాలు పడతాయి. లాంబ్డా రన్‌టైమ్ క్లయింటును పిప్‌తో వేసి, ఎంట్రీపాయింటుగా మీరే పెట్టాలి.

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే: లాంబ్డాలో /టీఎంపీ (తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్) తప్ప మరెక్కడా రాయలేం. ఫాంట్లు వెతికిపెట్టే ఫాంట్‌కాన్ఫిగ్ తన క్యాష్ రాసుకోలేక లాగ్ నిండా ఫిర్యాదులు పెడుతుంది. బిల్డ్‌లోనే ఆ క్యాష్ తయారుచేసే ఎఫ్‌సీ-క్యాష్ నడిపి, ఎక్స్‌డీజీ క్యాష్ హోమ్ వేరియబుల్‌ను /టీఎంపీకి తిప్పండి. ల్యాప్‌టాప్‌లో ఇది బయటపడదు, కాబట్టి డాకర్‌ను రీడ్-ఓన్లీ ఆప్షన్‌తో, /టీఎంపీని టీఎంపీఎఫ్ఎస్‌గా (మెమరీలో ఉండే ఫోల్డర్‌గా) ఇచ్చి నడిపి చూడాలి.

ఆపిల్ చిప్ మ్యాక్‌లో బిల్డ్ చేస్తే ఆర్మ్ ప్రాసెసర్ ఇమేజ్ వస్తుంది. ఫంక్షన్ డిఫాల్టుగా నడిచేది ఎక్స్86 ప్రాసెసర్ మీద. రెండూ ఒకటి కాకపోతే ఎంట్రీపాయింట్ ఎర్రరే. డాకర్ బిల్డ్‌ఎక్స్ వాడితే ప్రొవెనెన్స్ (ఇమేజ్‌కు జతచేసే బిల్డ్ వివరాలు) ఆపండి, లేకుంటే లాంబ్డా ఇమేజ్ మానిఫెస్ట్ చెల్లదంటుంది.

ఈసీఆర్ (ఏడబ్ల్యూఎస్‌లో ఇమేజ్‌లు దాచే చోటు) రిపాజిటరీ ఫంక్షన్ ఉన్న రీజియన్‌లోనే ఉండాలి. హైదరాబాద్ ఫంక్షన్‌కు ముంబై ఇమేజ్ పనికిరాదు.

కంటైనర్ ఇమేజ్‌కు ప్యాచ్‌లు వాటంతటవి రావు. తాజా బేస్‌ను పుల్ చేసి తిరిగి బిల్డ్ చేయాలి. పాత ట్యాగ్ మీదే పుష్ చేసినా ఫంక్షన్ పాత ఇమేజ్‌తోనే నడుస్తుంది. అప్‌డేట్-ఫంక్షన్-కోడ్ కమాండ్ మళ్లీ నడపాల్సిందే.