నెట్ రాకపోతే ముందు దీపాలు చూడండి
కావలిలో ఇంటింటికీ ఫైబర్ కనెక్షన్లు ఇవ్వడం నా పని. నెట్ పోయిందనగానే చాలామంది పిన్నీసు తీసుకుని రౌటర్ వెనక రీసెట్ రంధ్రంలో గుచ్చుతారు. దయచేసి వద్దు, సెట్టింగులన్నీ చెరిగిపోతాయి.

రౌటర్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని రాసినచోట ఎర్ర దీపం వెలుగుతుంటే బయటి నుంచి కాంతి సంకేతం రావడం లేదని అర్థం. పెట్టెలోకి వెళ్లే సన్నని తీగ బీరువా కింద నలిగిందేమో చూడండి. దాని కొనలోకి మాత్రం కన్ను పెట్టకండి, అది లేజర్ కాంతి. తుఫాను గాలికి స్తంభాల మధ్య తీగ తెగితే మీరు ఇంట్లో చేయగలిగింది లేదు, ఆపరేటరుకు ఫోను చేయండి.

దీపాలు బాగుండి కంప్యూటర్‌లోనే రాకపోతే దాని ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌ను గుర్తించే అంకెలు) చూడండి. 169.254తో మొదలైతే రౌటర్ దానికి చిరునామా ఇవ్వలేదన్నమాట. రౌటర్‌ను ఆపి, అర నిమిషం ఆగి మళ్లీ వేయండి. 8.8.8.8 అనే గూగుల్ సర్వరుకు పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే చిన్న సందేశం) వెళ్తున్నా వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే, సైటు పేరును ఐపీ చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్‌ను అనుమానించండి.

పడకగదిలో మాత్రమే నెమ్మదిస్తే వైఫైలో 5 గిగాహెర్ట్జ్ తరంగాలను వదిలి 2.4కు మారండి, గోడలు దాటడంలో అదే మేలు.