హైదరాబాద్ నుంచి షికాగోకు: టికెట్ కొనే ముందు సరిచూసుకోవలసినవి

ఆగస్టులో చదువులకు అమెరికా వెళ్లేవారికి ప్రయాణాలు దగ్గరపడుతున్నాయి. శంషాబాద్ నుంచి షికాగోలోని ఓహేర్ విమానాశ్రయానికి ఆకాశమార్గాన సూటి దూరం సుమారు 13,280 కిలోమీటర్లు.

• అన్నిటికన్నా ముందు తేదీ చూసుకోవాలి. టికెట్ మీద 10వ తేదీ 02:30 అని ఉంటే, 9వ తేదీ రాత్రి భోజనం కాగానే బయలుదేరాలి. 10వ తేదీ రాత్రి పెట్టెలు సర్దుకుని వెళ్లేసరికి విమానం ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది, టికెట్ డబ్బూ చాలావరకు పోయినట్టే.

• టికెట్ మీది వేళలు ఏ ఊరివి ఆ ఊరివే. షికాగో సమయం మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు మనకన్నా పదిన్నర గంటలు, మిగతా నెలల్లో పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది. అందువల్ల ఆగస్టులో తెల్లవారుజామున 4:30కు బయలుదేరి అదే రోజు సాయంత్రం 4:00కు దిగితే, ప్రయాణం పట్టింది పదకొండున్నర గంటలు కాదు, 22 గంటలు.

• మధ్యలో ఆగే వ్యవధిని విడిగా లెక్కించాలి. దుబాయ్ మీదుగా వెళ్తే దూరం దాదాపు 900 కిలోమీటర్లే పెరుగుతుంది, అంటే గాలిలో గంట. అసలు ఆలస్యమంతా అక్కడి కుర్చీల్లోనే.

• రెండు విమానాలూ ఒకే టికెట్‌పై ఉండాలి. విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినప్పుడు ఆ నష్టం సాధారణంగా మనదే.

• అమెరికాలోనే మరో ఊళ్లో విమానం మారవలసి వస్తే కనీసం మూడు గంటలు ఉంచుకోవడం మేలు, ఎందుకంటే మామూలుగా మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ ముగించుకుని, పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి.