టీచరమ్మను తలుచుకునే సభ ఎలా పెట్టాలంటే

కాకినాడలో మా ఆడపిల్లల వేసవి శిబిరాన్ని 20 ఏళ్లకు పైగా నడిపిన టీచరమ్మ పోయాక, సంస్మరణ సభ మేమే పెట్టుకున్నాం. మీరూ పెట్టాలనుకుంటే ముందు వేదిక మానేయండి. జంపఖానాలు పరిచి గుండ్రంగా కూర్చోండి. మైకు దొరికితే మావాళ్లు ఒక పట్టాన వదలరు మరి!

పిలిచేటప్పుడే ఒక్క ప్రశ్న వేయండి: "ఆవిడ నీతో మొదటిసారి చేయించిన పని ఏమిటి?" జవాబు చీటీ మీద రాసి తెమ్మనండి. "చాలా మంచి మనిషి" అని రాస్తే మళ్లీ రాయమనండి. ఒకామె సైకిల్ పంక్చర్ వేయడం అని రాసింది. నేను బ్యాంకు చలానా.

ఆ చీటీయే టికెట్. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు, ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర టికెట్ లేదని నెహ్రూనే ఆపేసిన 14 ఏళ్ల దుర్గాబాయి కథ టీచరమ్మ ఏటా చెప్పేవారు. అందుకే గుమ్మంలో ఓ చిన్నపిల్లను నిలబెట్టండి. మా పిల్ల టీచరమ్మ తమ్ముడినే ఆపేసింది. పాపం, ఆయన గోడకి ఆనించి రాసిచ్చారు.

వామనగుంటల పీట, చింతగింజలు దగ్గర పెట్టుకోండి. చేతులు ఆడుతుంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఫొటోకి దండ ఒకటి చాలు. చీటీలన్నీ పుస్తకంలా కుట్టి, వాళ్లింట్లో ఇచ్చి రండి.