గిల్ స్కాట్-హెరాన్‌ను ఏ వరసలో వినాలి?

అమెరికన్ కవి, గాయకుడు గిల్ స్కాట్-హెరాన్‌ను చాలామంది 2010 నాటి ఆయన చివరి ఆల్బమ్ ‘ఐయామ్ న్యూ హియర్’తో మొదలుపెడతారు. అక్కడే దారి తప్పుతారు. అరిగిపోయిన ఆ గొంతు వెనక నలభై ఏళ్ల బతుకుంది. అది తెలియకపోతే పాట సగమే అందుతుంది.

ముందు 1970 నాటి ‘స్మాల్ టాక్ ఎట్ 125త్ అండ్ లెనాక్స్’ వినండి. ఎక్కువగా కవిత్వం, కాంగా డ్రమ్ములే. మన డప్పు పాట విన్న చెవికి కొత్తగా ఉండదు. ‘వైటీ ఆన్ ద మూన్’ దగ్గర ఆగండి: చెల్లిని ఎలుక కరిచింది, డాక్టర్ బిల్లుకు డబ్బుల్లేవు, తెల్లోడేమో చంద్రుడి మీదున్నాడు. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన అపోలో యాత్రల ఖర్చును ఒక పేద ఇంటి గుమ్మంలో నిలబెట్టి నిలదీసిన కవిత అది.

తర్వాత 1971 నాటి ‘పీసెస్ ఆఫ్ ఎ మ్యాన్’. ‘ద రెవల్యూషన్ విల్ నాట్ బీ టెలివైజ్డ్’ రెండు ఆల్బమ్‌లలోనూ ఉంది, వెర్షన్లు వేరు. రెండోదాంట్లో రాన్ కార్టర్ బేస్, హ్యూబర్ట్ లాస్ ఫ్లూట్ ఉంటాయి. రెండూ వెంటవెంటనే వినండి. మాట సంగీతంగా మారడం అక్కడ తెలుస్తుంది. ఆ పాటలోని పేర్లు చాలావరకు అప్పటి టీవీ ప్రకటనలు, నాయకులవే. అవి వెతుక్కోకపోతే వెటకారం అంతా జారిపోతుంది.

1974 నాటి ‘వింటర్ ఇన్ అమెరికా’కు తీరిక ఉంచుకోండి. ఆయన సహ సంగీతకారుడు బ్రయన్ జాక్సన్ కీబోర్డు, ఫ్లూట్ దాని ప్రాణం. ‘ద బాటిల్’ చిందేయించే పాటే, చెప్పేది మాత్రం తాగుడుకు కూలిన బతుకుల గురించి. పాటల వరస కలిపేసే షఫుల్ మాత్రం ఆపేయండి.